చిప్పింగ్ క్యాంప్డెన్‌లో గ్రెవెల్ హౌస్: ఆ కిటికీ నిజంగా 1380 నాటిదేనా? పాత రాతి ఇళ్ల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వానచినుకు

అందరికీ నమస్కారం. మేం ఉండేది బర్మింగ్‌హామ్‌లో. పోయిన ఆదివారం ఎండ బాగుందని పిల్లల్ని తీసుకుని చిప్పింగ్ క్యాంప్డెన్ వెళ్లాం. గ్లాస్టర్‌షైర్‌లో, కాట్స్‌వోల్డ్ కొండల ఉత్తరపు కొసన ఉన్న చిన్న ఊరు. ఊరికి ప్రాణం ఒకటే పొడవాటి వీధి, కొడవలిలా వంగి ఉంటుంది. రెండు వైపులా రాతి ఇళ్లే, ఒకదాని భుజానికి ఇంకోటి ఆనుకుని నిలబడ్డట్టు. సాయంత్రం ఎండ పడేసరికి గోడలన్నీ కొత్తబెల్లం రంగుకి తిరిగాయి. మా చిన్నది "అమ్మా, ఇళ్లన్నీ బెల్లంతో కట్టారా" అని అడిగింది.

ఆ వీధిలో గ్రెవెల్ హౌస్ అని ఒకటుంది, చర్చి వైపు వెళ్లే దారికి దగ్గర్లో. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఒకే కిటికీ గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. సన్నటి రాతి కమ్మీలు, పైన గుడి తోరణంలా చెక్కడం, మూలల్లో నోళ్లు తెరిచిన రాతి జంతువులు. 1380 ప్రాంతంలో కట్టారని చదివాను. పక్కనున్న ఇళ్లు చూస్తే అసలు ఆ పోలికే లేదు. అంత నాజూకు పని ఆరువందల ఏళ్లకి పైగా వానలో నిలబడిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు, తర్వాతెప్పుడో పెట్టి ఉంటారా? ఒక ఇంటిని చూసి ఏది ఎప్పటిదో ఎలా చెబుతారు? వీధిలో పావుగంట అలాగే నిలబడిపోయాను, కానీ చూడటం రాలేదనిపించింది. తెలిసినవాళ్లు చెప్పండి.

రాతిగుమ్మం

మంచి ప్రశ్న. నేను ఈ దేశంలో పాత కట్టడాల మరమ్మతు పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను, గ్రెవెల్ హౌస్ ముందు చాలాసార్లు నిలబడ్డాను. ఆ ఇల్లు 1380 ప్రాంతానిదే. కిటికీ కూడా ఆ కాలపు శైలిలోదే. ఆ శైలిని పర్పెండిక్యులర్ అంటారు. గీతలన్నీ నిటారుగా పైకి పోతాయి, రాతి కమ్మీలు కింద నుంచి తోరణం దాకా తిన్నగా సాగుతాయి. ఈ శైలి తొలిరోజుల్లో పెద్దగా కనిపించింది ఇక్కడికి దగ్గరే, గ్లాస్టర్ కథీడ్రల్‌లో, 1330ల నుంచి. అంటే విలియం గ్రెవెల్ ఇల్లు కట్టించేనాటికి అది పెద్ద పెద్ద చర్చిల పని. ఒక వర్తకుడు దాన్ని తెచ్చి తన వీధి గోడకి పెట్టించాడు. దారిన పోయే ప్రతివాడూ తలెత్తి చూడాలనే పెట్టించాడు. మీరు పావుగంట నిలబడ్డారంటే ఆయన పని ఇంకా నడుస్తోందన్నమాట.

అయితే ఒక మాట. ఇంగ్లండ్‌లో ఇంత పాత ఇంటికి ఒకే తేదీ ఉండదు. రాయి అరిగితే మారుస్తారు, కిటికీ మారుస్తారు, పొగగొట్టం చేరుస్తారు, వెనక ఒక గది పొడిగిస్తారు. "ఇది 1380 ఇల్లు" అంటే 1380లో మొదలైన ఇల్లు అని అర్థం చేసుకోవాలి. చూడటం ఎలా అన్నారు కదా, నేనైతే ముందు పైకప్పు వాలు చూస్తాను, తర్వాత కిటికీలు, ఆఖరున గుమ్మం. గుమ్మం మార్చడం తేలిక, అందుకని దాన్ని చివర నమ్ముతాను. వీలైతే పక్క సందులోకి వెళ్లి ఇంటి వీపు చూడండి. వీధి ముఖం డబ్బున్నప్పుడల్లా మారుతుంది, వెనక గోడని ఎవరూ అంతగా పట్టించుకోరు, అసలు వయసు అక్కడే దొరుకుతుంది.

ఊరిబాట

గ్రెవెల్ గురించి ఒక ముక్క. ఆయన ఉన్ని వర్తకుడు. ఈ కొండల మీద గొర్రెల ఉన్ని ఆ రోజుల్లో యూరప్ అంతా కొనేది, ఇటలీ నుంచి కూడా వర్తకులు వచ్చేవాళ్లు. 1401లో చనిపోయాడు. సెయింట్ జేమ్స్ చర్చిలో ఆయనదీ భార్యదీ పెద్ద ఇత్తడి పలక ఉంది, దాని మీద లాటిన్‌లో "ఇంగ్లండ్ మొత్తం మీద ఉన్ని వర్తకుల్లో పువ్వులాంటివాడు" అన్న అర్థం వచ్చేలా రాశారు. రెండో రిచర్డ్ రాజుకి అప్పిచ్చినవాళ్లలో ఈయనా ఒకడు. క్యాంప్డెన్‌లో మొట్టమొదట ఇంటికి పొగగొట్టాలు పెట్టించింది ఈయనేనని ఊళ్లో చెప్పుకుంటారు. అంతకుముందు ఇంటి మధ్యలో నెగడు, పొగ కప్పులోంచి పోవడమే.

ఊరి పేరులో "చిప్పింగ్" అంటే సంత. చూడటానికి పల్లెలా ఉన్నా ఇది సంత ఊరు. అందుకే పొలాల మధ్య విడివిడిగా ఉండే ఇళ్లు కాకుండా వీధి పొడవునా ఆనుకుని పట్నపు ఇళ్లు కనిపిస్తాయి.

వానచినుకు

ఇద్దరికీ థాంక్స్ అండీ. రాతిగుమ్మం గారూ, ఇళ్లు అంత ఇరుగ్గా ఆనుకుని ఎందుకు కట్టారు? చుట్టూ బోలెడు నేల ఉంది కదా. ఇంకో సంగతి, అదే వీధిలో ఒక ఇల్లు అచ్చం చిన్న ప్యాలెస్‌లా ఉంది, అన్నీ సమానంగా, పెద్ద పెద్ద కిటికీలు. అది కూడా అదే రాయి.

రాతిగుమ్మం

నేల ఉంది, కానీ సంతవీధి మీద ముఖం కొద్దిగానే ఉంది. 12వ శతాబ్దంలో ఊరిని ఒక లెక్క ప్రకారం వేశారు. వీధి వైపు సన్నగా, వెనక్కి చాలా పొడుగ్గా ఉండే పట్టీలుగా నేలని కోసి ఇచ్చారు. వీటిని బర్గేజ్ ప్లాట్లంటారు. అద్దె కట్టి తీసుకున్నవాడు ముందు దుకాణం, పైన కాపురం, వెనక పశువుల కొట్టం, కూరగాయల మడి, చివర వెనక సందు, ఇలా వాడుకునేవాడు. ఇళ్ల మధ్య అక్కడక్కడా సొరంగంలాంటి దారి చూసి ఉంటారు, గుర్రబ్బండి పట్టేంత, అది వెనక దొడ్డిలోకి పోవడానికి. ఇళ్లు పడిపోయాయి, మళ్లీ కట్టారు, కానీ ఆ హద్దులు చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ఈ వీధిలో ఇంటికన్నా నేల గీతే పాతది.

మీరు ప్యాలెస్ అన్నది బెడ్‌ఫాంట్ హౌస్ అయ్యుండాలి, 1740ల నాటిది. అప్పటికి మోజు మారింది. గ్రీకు, రోమన్ పద్ధతి కావాలి, గుమ్మం సరిగ్గా మధ్యలో ఉండాలి, అటూ ఇటూ కిటికీలు లెక్కగా రావాలి, పైకీ కిందికీ జరిగే చట్రాల కిటికీలుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నిట్టనిలువు కప్పు కనపడకూడదు. అంతకు వంద, నూటయాభై ఏళ్ల ముందరి ఇంటికి కప్పే అందం. వీధి వైపు త్రికోణపు గోడలు లేపి వాటిలో కూడా కిటికీ పెట్టేవాళ్లు, కిటికీకి నిలువు రాతి కమ్మీలు, నెత్తిన వానచుక్క కారకుండా ముందుకొచ్చిన రాతి పట్టీ, దానికి రెండు చివర్లా కిందికి వంపు. ఆ పట్టీ చూడగానే 1500లు, 1600లు గుర్తొస్తాయి. కానీ ఒక్కటే చూసి తేదీ చెప్పేస్తే తప్పులో కాలేస్తాం. ఈ కొండల్లో మేస్త్రీలు ఆ అలవాటుని 1700లు దాటాక కూడా వదల్లేదు, చిన్న ఇళ్లకి మరీను. లండన్‌లో మోజు మారిన నలభై యాభై ఏళ్లకి గానీ ఇక్కడ ఉలి మారలేదు. నాకు ఈ ప్రాంతం నచ్చేది అందుకే.

లెక్కలమాష్టారు

కొన్ని ఇళ్లకి కిటికీలు రాయితో మూసేసి ఉంటాయి, నేను చాలా ఊళ్లలో చూశాను. కిటికీల పన్ను వల్లే కదా?

రాతిగుమ్మం

కొన్ని అందువల్లే. ఆ పన్ను 1696లో మొదలై 1851 దాకా ఉంది, కిటికీల లెక్కని బట్టి కట్టాలి. కానీ మూసిన ప్రతి కిటికీనీ దాని ఖాతాలో వేయకూడదు సార్. లోపల మెట్లో పొగగొట్టమో అడ్డొచ్చిన చోట బయట వరస చెడకుండా మొదటినుంచీ ఉత్తుత్తి కిటికీ చెక్కి వదిలేసినవీ చాలా ఉన్నాయి. లోపలికి వెళ్లి చూస్తే గానీ తేలదు.

పాతమిద్దె

నమస్తే. నేను కర్నూలు జిల్లావాణ్ని, రిటైర్డ్ సివిల్ ఇంజనీరుని. ఆ ఊరు చూడలేదు, మా అబ్బాయి లీడ్స్‌లో ఉన్నప్పుడు ఆ పక్క రాతి ఇళ్లు చూశాను, కానీ అది ఇసుకరాయి, నల్లగా ఉంది. ఇక్కడ సున్నపురాయి అంటున్నారు. మా బేతంచర్ల నాపరాయి, తాండూరు బండ, కడప బండ కూడా సున్నపురాళ్లే, అయినా తేడా చాలా ఉండాలి. మావి గట్టివి, సన్నపు పొరలుగా లేస్తాయి, చెక్కడానికి లొంగవు. రాతిగుమ్మం గారూ, ఆ రాయి స్వభావం కాస్త వివరంగా చెప్పండి. గోడ మందమెంత, సున్నమా మట్టా, ఆ వాలు కప్పు మీద రాతి పెంకులు జారకుండా ఎలా నిలుస్తాయి?

రాతిగుమ్మం

పాతమిద్దె గారూ, మీరు అడిగిన తర్వాత క్లుప్తంగా చెప్పడం కష్టం. ఓపిగ్గా చదవండి.

ఈ రాయిని ఊలైట్ అంటారు. భూతద్దంలో చూస్తే చేప గుడ్ల ముద్దలా ఉంటుంది. సుమారు 17 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ వెచ్చటి లోతులేని సముద్రం ఉండేది. చిన్న చిన్న పెంకు ముక్కలు, ఇసుక రేణువులు అలల్లో దొర్లుతూ చుట్టూ సున్నం పొరలు పట్టించుకుని గుండ్రంగా తయారయ్యాయి, అవన్నీ అతుక్కుని రాయయ్యాయి. ఇనుము కలిసిన చోట పసుపు, ఉత్తరాన ఉన్న క్యాంప్డెన్ దగ్గర ఆ రంగు చిక్కగా ఉంటుంది, దక్షిణంగా బాత్ వైపు వెళ్లేకొద్దీ మీగడ రంగుకి దిగుతుంది. క్యాంప్డెన్‌కి రాయి ఊరి పైన వెస్టింగ్టన్ గుట్ట మీద గని నుంచే వచ్చింది. ఊరంతా ఒకే రంగు ఎందుకని వానచినుకు గారి అమ్మాయికి వచ్చిన అనుమానానికి జవాబు అదే, బండి మీద రాయి తోలడం ఖరీదు, కాబట్టి కాలి కింద ఏది ఉంటే అదే గోడ అయింది.

గనిలోంచి తీసినప్పుడు ఈ రాయి పచ్చిగా ఉంటుంది, లోపల నీరు ఉంటుంది, రంపంతో కోయొచ్చు, ఉలికి హాయిగా లొంగుతుంది. ఆరేకొద్దీ ఆ నీటితో పాటు కరిగిన సున్నం పైకొచ్చి పైపొర గట్టిపడుతుంది. గ్రెవెల్ కిటికీ అంత నాజూగ్గా రావడానికీ, ఇన్నాళ్లు నిలవడానికీ ఈ రెండు గుణాలూ కారణమే. ఇంకో జాగ్రత్త ఏమిటంటే గనిలో రాయి ఏ పడకలో ఉందో గోడలోనూ అదే పడకలో పెట్టాలి. పొరలు నిలువుగా వచ్చేట్టు పెడితే పదేళ్లలోనో వందేళ్లలోనో పుస్తకం పేజీల్లా విప్పుకుంటుంది.

గోడ సాధారణంగా యాభై, అరవై సెంటీమీటర్లు. లోపలొక వరస, బయటొక వరస, మధ్యలో రాతి ముక్కలూ సున్నమూ మట్టీ నింపుడు. రెండు వరసల్నీ కట్టిపడేయడానికి అక్కడక్కడ అడ్డంగా పొడుగు రాళ్లు. డబ్బున్న ఇంటికి వీధి వైపు సందు కనపడకుండా చెక్కిన రాయి, పక్కకీ వెనక్కీ ముక్క రాయి. గోడ ఆ మూల తిరగగానే పని మారిపోతుంది, ఈసారి వెళ్తే చూడండి.

ఇక కప్పు. నాకైతే ఈ ఇళ్లలో అన్నిటికన్నా గొప్ప పని అదే. మీరు అనుకునే నల్ల స్లేటు కాదు, ఇదీ సున్నపురాయే, పలకలుగా లేచే రకం. చదరపు మీటరుకి దగ్గరదగ్గర వంద కిలోలు బరువు. అంత బరువుని మోయాలంటే కింద ఓక్ వాసాలు ఎలాంటివై ఉండాలో ఊహించండి. ప్రతి పలకకీ పైన ఒక బెజ్జం, అందులో ఓక్ చీల, ఆ చీల వెనకున్న బద్దకి తగులుకుంటుంది. అంతే, పలక వేలాడుతుంది, దాని మీద పై పలకల బరువు. చూరు దగ్గర పెద్ద పలకలు, ఒక్కొక్కటీ రెండడుగులు, పైకెళ్లేకొద్దీ చిన్నవి, కొప్పు దగ్గర అరచేయంత. ఇది అందం కోసం చేసింది కాదు. గనిలో పెద్దవి తక్కువ, చిన్నవి ఎక్కువ వస్తాయి, ఏదీ పారేయకుండా వాడాలి. పైగా కప్పు మీద పడ్డ నీరంతా చూరు దగ్గరికే చేరుతుంది, అక్కడ సందులు తక్కువ ఉండటం మంచిది. ఒక్కో కొలతకీ పనివాళ్లు ఒక్కో పేరు పెట్టుకున్నారు, గాట్లు పెట్టిన కర్రతో కొలిచేవాళ్లు. పలక నునుపు కాదు, మధ్యలో గాలి సందులుంటాయి, నీరు వెనక్కి ఎక్కకుండా త్వరగా జారిపోవాలి, అందుకే వాలు యాభై డిగ్రీల దాకా ఉంటుంది. మీరు అడిగిన జారడానికి జవాబు ఇదే, జారేది నీరు, పలక కాదు. అడుగున వెంట్రుకలు కలిపిన సున్నం పూసేవాళ్లు, గాలి కొట్టకుండా.

రెండు కప్పులు కలిసే మూలలో కూడా సీసపు రేకు లేకుండా పలకలనే వంపు తిప్పి పరిచేవాళ్లు. ఆ పని చేయగలిగినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమంది. ఒకసారి ఒక మేస్త్రీ పక్కన నిలబడి రోజంతా చూశాను, ఆయన ఒక్కో పలకనీ చేతిలో తిప్పి, వేలితో కొట్టి మోత విని పక్కన పెట్టేవాడు. బోలుగా మోగితే వాడేవాడు కాదు.

పాతమిద్దె

చాలా సంతోషం. మోత వినడం మా బండల దగ్గర కూడా ఉంది, పగులున్న బండ బొంగురుగా పలుకుతుంది. పలకలు చీల్చేది ఉలితోనా?

ఊరిబాట

దీనికి నేను చెబుతాను, నాకిష్టమైన సంగతి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో మంచుతో చీల్చేవాళ్లు. శరత్కాలంలో భూమిలోంచి రాతి దిమ్మలు తీసి, ఆరిపోకుండా తడిపి ఉంచేవాళ్లు. ఆరితే ఇక చీలదు. గట్టి చలి రాత్రి రాగానే చర్చి గంట మోగించేవాళ్లు, ఊరంతా లేచి వెళ్లి దిమ్మల మీద నీళ్లు పోసేది. పొరల్లో నీరు గడ్డకట్టి ఉబ్బి రాయి విడిపోయేది, వసంతంలో సుత్తితో తడితే పలకలు ఊడొచ్చేవి. ఆ గనుల్లోనే దొరికిన ఎముకలకి 1824లో మెగలోసారస్ అని పేరు పెట్టారు, శాస్త్రీయంగా పేరు పెట్టిన మొదటి డైనోసార్ అదే. ఇంటికప్పు కోసం తవ్వితే వచ్చింది.

కొండపల్లిబొమ్మ

నమస్కారం. ఈ చర్చ మొదట్నుంచీ చదువుతున్నాను, నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే మేం అలాంటి ఇంట్లోనే ఉంటున్నాం. ఇవే కొండల్లో ఇంకో సంత ఊరు. 1700ల తొలినాళ్ల ఇల్లు, వీధి మీదే గుమ్మం, గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉంది. నాలుగేళ్ల కిందట ఎంతో ముచ్చటపడి కొన్నాం. వెనక వంటగది గోడకి నేల నుంచి మీటరు ఎత్తు దాకా చెమ్మ. ఉప్పు పూస్తుంది, ప్లాస్టర్ పెచ్చులు ఊడుతుంది, చలికాలం వస్తే బీరువాలో బట్టలు ముక్క వాసన. ఒక కంపెనీ వచ్చి గోడకి బెజ్జాలు పెట్టి మందు ఎక్కించి, సిమెంటు పూసి, గ్యారంటీ కాగితం ఇచ్చి నాలుగు వేల పౌండ్లు తీసుకున్నారు. రెండు చలికాలాలకి మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి చెమ్మ ఇంకా పైకెక్కింది. బాబుకి దగ్గు. మా ఆయన అమ్మేద్దాం అంటున్నారు. రాతిగుమ్మం గారూ, అన్నయ్యలా అడుగుతున్నాను, ఏం చేయమంటారు?

లెక్కలమాష్టారు

అమ్మా, నేను కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ పాత ఇళ్ల మోజు చూడటానికి బాగుంటుంది, ఉండేవాళ్లకి తెలుస్తుంది బాధ. రెండద్దాల కిటికీ పెట్టుకోనివ్వరు, గోడకి మేకు కొట్టాలన్నా భయం, వేడి నిలవదు. ఆ అరవై సెంటీమీటర్ల గోడని ముట్టుకోవాలంటే వంద దరఖాస్తులు నింపాలి. పిల్లాడి ఆరోగ్యం కన్నా రాయి ముఖ్యం కాదు. కొత్త ఇంటికి మారిపోండి.

రాతిగుమ్మం

మాష్టారూ, బాబు ఆరోగ్యం ముందు అన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఈ చెమ్మ రాయి వల్ల వచ్చింది కాదని నా నమ్మకం, అందుకని ఇల్లు అమ్మే ముందు ఒక్కసారి చూడమంటాను. మేకు కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కూడా. ఇంటి ప్రత్యేకత మారిపోయే పనులకే అనుమతి కావాలి. రెండద్దాల విషయంలో మీ బాధ అర్థమవుతుంది, కొన్ని కౌన్సిళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, లోపలి వైపు రెండో అద్దం బిగించుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

కొండపల్లిబొమ్మ గారూ, మూడు సంగతులు చెప్పండి. వెనక గోడ బయట నేల మట్టం వంటగది నేల కన్నా ఎత్తుగా ఉందా? బయట రాళ్ల మధ్య సందుల్లో ఏం నింపి ఉంది, గోరుతో గీస్తే రాలుతుందా, బూడిదరంగులో గట్టిగా ఉందా? వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని బయటికి వెళ్లి చూరు గొట్టం ఎక్కడైనా కారుతోందేమో చూడండి.

కొండపల్లిబొమ్మ

నేల ఎత్తుగానే ఉంది అండీ, దాదాపు జానెడు. ముందున్నవాళ్లు వెనక కాంక్రీటు పరిచారు, గోడకి ఆనించి. సందుల్లో బూడిదరంగు సిమెంటు, రాయి కన్నా ముందుకి పట్టీలా ఉబ్బి ఉంది. సిమెంటు అలాగే ఉంది, పక్కన రాయే గుంట పడి పొడి రాలుతోంది. గొట్టం ఇవాళ వానలో చూశాను, ఒక అతుకు దగ్గర గోడ మీదికే కారుతోంది.

రాతిగుమ్మం

నేను భయపడ్డదే. ఈ గోడ ఎలా పని చేస్తుందో ఒక్కసారి చెబుతాను. ఇది నీళ్లు చొరబడని గోడ కాదు, ఎప్పుడూ కాదు. వాన కొడితే కొంచెం తాగుతుంది, ఎండా గాలీ తగిలితే వదిలేస్తుంది. తాగిన నీరు బయటికి పోయే దారి ఆ సున్నపు సందులే. సున్నం రాయి కన్నా మెత్తన, తేమని సులువుగా వదులుతుంది, ఉప్పు కూడా దాంట్లోకే వచ్చి అదే అరిగిపోతుంది. వందేళ్లకోసారి గీకి మళ్లీ నింపుతారు. రాయిని కాపాడటానికి సున్నం అరిగిపోతుంది, అలా కుదిర్చారు పాతవాళ్లు. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. నీరు రాయిలోంచే బయటికి రావాలి, చలికి గడ్డకడుతుంది, ఉప్పు పేలుతుంది, రాయి ముఖం రాలిపోతుంది. మీరు రాసిన "సిమెంటు అలాగే ఉంది, రాయి గుంట పడింది" అన్న ఒక్క వాక్యంతో నాకు మొత్తం కనిపించింది. లోపల కూడా సిమెంటు పూశారు, కింద కాంక్రీటు. నీటికి మిగిలిన దారి ఒక్కటే, పైకి. అందుకే ఈసారి ఇంకా ఎత్తుకెక్కింది. ముక్క రాయి నింపుడు ఉన్న గోడలో మందు ఎక్కిస్తే అది సమంగా పాకదు, దాని మీద డబ్బు పెట్టకండి ఇక.

ముందు గొట్టం అతుకు, ఈ వారమే, అది చౌక. తర్వాత గోడ వెంట కాంక్రీటు పగలగొట్టి, నేల మట్టం దించి, కంకర కాలవ వేయించండి. పునాది లోతు చూడకుండా తవ్వొద్దు, ఈ ఇళ్లకి పునాదులు అంతంత మాత్రమే. ఆ రెండూ అయ్యాక ఒక ఏడాది గోడని ఆరనివ్వండి, లోపలి సిమెంటు తీసేసి ఖాళీగా వదిలేయండి, అసహ్యంగా ఉన్నా సరే. బయటి సందులు చేత్తో, ఉలితో తీయించాలి, తిరిగే రంపం పెడితే రాళ్ల అంచులు పోతాయి. గట్టిగా పట్టుకున్న చోట బలవంతంగా పీకొద్దు. సున్నం పని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపే, మంచు తగిలితే అది పాడైపోతుంది.

వీటన్నిటికన్నా ముందు కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే కన్జర్వేషన్ ఆఫీసర్‌కి రాయండి. లిస్టెడ్ ఇంట్లో అనుమతి అవసరమైన పని అనుమతి లేకుండా చేస్తే నేరం. పాత యజమాని చేసిన తప్పుని సరిచేయమని కొత్త యజమానికి నోటీసు కూడా ఇవ్వొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు, చాలామంది ఆఫీసర్లు ఇలాంటి పనికి సంతోషంగా సాయం చేస్తారు.

పాతమిద్దె

అమ్మా, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా తాతగారి ఇల్లు గానుగలో ఆడించిన డంగు సున్నంతో కట్టింది, నూట పాతికేళ్లు చుక్క చెమ్మ లేదు. నేనే సిమెంటు రోజుల ఇంజనీరుని కాబట్టి 1980ల్లో దానికి బయట సిమెంటు పూయించాను, గట్టిగా ఉంటుందని. ఐదేళ్లలో గోడ అడుగున నాపరాళ్లు పొరలు లేచాయి. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధే. మీరు సున్నం మళ్లీ పెట్టిస్తే గోనె పట్టాలు తడిపి కప్పమనండి, త్వరగా ఆరితే పొడి అవుతుంది.

లెక్కలమాష్టారు

నేను పాతమిద్దె గారి మాట చదివి ఆగిపోయాను. ఖర్చు సంగతి నా అభిప్రాయం మారలేదు. కానీ తప్పు రాయిది కాదు, మరమ్మతుదని ఒప్పుకుంటున్నాను. ఇక్కడ లిస్టెడ్ అంటే ఎంతమందికి ఈ బాధ? అన్నీ ఒకటేనా?

రాతిగుమ్మం

ఇంగ్లండ్‌లో జాబితా పద్దులు దాదాపు నాలుగు లక్షలు. అందులో తొంభై శాతానికి పైగా గ్రేడ్ 2, కొండపల్లిబొమ్మ గారిలాంటి ఇళ్లే. గ్రేడ్ 1 రెండున్నర శాతం మాత్రమే, గ్రెవెల్ హౌస్ అందులోది. వీధి మధ్యలో తోరణాలతో ఉన్న 1627 నాటి మార్కెట్ హాలు కూడా. వెన్న, జున్ను, కోళ్లు అమ్ముకునేవాళ్లకి నీడ కోసం సర్ బాప్టిస్ట్ హిక్స్ కట్టించాడు. వానచినుకు గారూ, దాని కింద నేల చూశారా, రాళ్లు అలలు అలలుగా అరిగి ఉంటాయి.

వానచినుకు

చూశాం! మా చిన్నది అక్కడే కాలు మడతపడి పడింది. ఆ హాలుని అమెరికా తీసుకెళ్లిపోబోయారని ఒక పెద్దాయన చెప్పారు, నిజమేనా?

ఊరిబాట

అమ్మకానికి వచ్చిన మాట నిజం, 1940ల్లో. ఊరివాళ్లు చందాలు వేసుకుని కాపాడి, పాత కట్టడాల్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి అప్పగించారు. ఈ ఊరు ఇలా మిగలడం వెనక కొందరి పట్టుదల ఉంది. 1902లో సి. ఆర్. ఆష్బీ అనే ఆర్కిటెక్ట్ లండన్ ఈస్ట్ ఎండ్ నుంచి తన చేతిపనుల సంఘాన్ని, పిల్లాజెల్లాతో సుమారు నూట యాభై మందిని, ఇక్కడికి తరలించాడు. వెండి పని, వడ్రంగం, అచ్చుపని. షీప్ స్ట్రీట్‌లో పాత పట్టు మిల్లులో పెట్టారు. ఆరేళ్లకే సంఘం మూతపడింది, కానీ వెండి పని మాత్రం ఆ మిల్లులో ఇప్పటికీ నడుస్తోంది. ఖాళీ అయి పాడుబడుతున్న ఇళ్లని ఆయన బాగు చేయించిన తీరు నాకు నచ్చుతుంది, కొత్తది చేర్చినచోట కొత్తదని తెలిసేలా చేర్చాడు.

మనవాళ్లకి తెలియాల్సిన విషయం ఇంకోటి. క్యాంప్డెన్ నుంచి మైలు దూరంలో బ్రాడ్ క్యాంప్డెన్ ఉంది. అక్కడ శిథిలమైపోయిన నార్మన్ కాలపు ప్రార్థనామందిరాన్ని ఆష్బీ ఇల్లుగా మార్చింది ఎవరికోసమో తెలుసా, కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామికి. సింహళ కళ మీద తన పెద్ద పుస్తకాన్ని ఆయన అక్కడే అచ్చు వేయించాడు, 1908లో. ఆ కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి నాట్యగ్రంథం అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, చీరాల పేరాల ఉద్యమం నడిపిన ఆంధ్రరత్నే. అది 1917లో వచ్చింది. ఆ ఇంటి ముందు రోడ్డు మీద నిలబడితే నాకు దుగ్గిరాలే గుర్తొచ్చాడు. లోపలికి వెళ్లకండి, అది ఎవరో కాపురముంటున్న ఇల్లు.

కొండపల్లిబొమ్మ

ఏడు నెలలైంది, మళ్లీ రాస్తున్నాను. గొట్టం ఆ వారమే బాగు చేయించాం. ఆఫీసర్ గారు వచ్చి చూసి కాగితం ఇచ్చాక వెనక కాంక్రీటు తీసేశాం, కంకర వేశాం. జూన్‌లో లోపలి సిమెంటు కొట్టించాం. ముక్క వాసన పోయింది, బాబు దగ్గు తగ్గింది. చెమ్మ ఇంకా అడుగున రెండు జానలు ఉంది, కానీ కిందికి దిగుతోంది, నేను పెన్సిల్‌తో గీత పెట్టి నెలనెలా చూస్తున్నాను.

అసలు సంగతి. సిమెంటు కొట్టినప్పుడు గోడ మధ్యలో ఒక పెద్ద ఓక్ దూలం బయటపడింది, అడ్డంగా, దాదాపు రెండు మీటర్లు. దాని కింద ముక్క రాళ్లతో మూసేసిన పెద్ద ఖాళీ ఉంది. దూలం మీద కన్నీటి చుక్కల్లా నల్లగా కాలిన మచ్చలు, పక్కపక్కనే నాలుగు. ఎవరైనా దీపం పెట్టి కాల్చారా? మేస్త్రీ రాళ్లు తీసేద్దామా అంటే నేను ఆపాను.

రాతిగుమ్మం

ఆపి చాలా మంచి పని చేశారు! అది పాత పొయ్యి. ఇంటివాళ్లు లోపల కూర్చుని చలి కాచుకునేంత పెద్దది. ఆ మచ్చలు ప్రమాదవశాత్తూ పడ్డవి కావు, కావాలని మైనపు వత్తి పట్టుకుని నిదానంగా కాల్చినవి. ఈ దేశంలో పాత పొయ్యిల దూలాల మీద చాలాచోట్ల కనిపిస్తాయి. ఇల్లు అంటుకోకుండా, చెడు లోపలికి రాకుండా రక్షగా పెట్టుకునేవాళ్లని పరిశోధకులు అంటారు. మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టినట్టే అనుకోండి.

ఒక్క రాయి కూడా తీయకండి. దూలం తుడవకండి, నూనె రాయకండి. వెలుతురు పక్కనుంచి పడేలా టార్చి పెట్టి ఫొటోలు తీసి, పక్కన స్కేలు ఉంచి, ఆఫీసర్‌కి పంపండి. ఆ దూలం మీ ఇంటి కన్నా పాతది కావచ్చు, అప్పట్లో చెక్కని మళ్లీ వాడేవాళ్లు.

పాతమిద్దె

దూలం చివరలు గోడలోకి వెళ్లే చోట సూదితో గుచ్చి చూడండమ్మా, మెత్తగా దిగితే పుచ్చినట్టు. మధ్యలో బాగానే ఉంటుంది, కొసలే పోతాయి.

కొండపల్లిబొమ్మ

గుచ్చాను సార్. ఎడమ వైపు గట్టిగా ఉంది, కుడి వైపు గొట్టం కారిన దిక్కున అరంగుళం దిగింది. ఆఫీసర్ గారు గురువారం పదకొండింటికి వస్తానన్నారు. అప్పటిదాకా కింద రెండు ఇనుప స్తంభాలు పెట్టించాం. మా ఆయన అమ్మకం మాట ఎత్తడం లేదు, రోజూ రాత్రి టార్చి పట్టుకుని ఆ మచ్చలే చూస్తున్నారు.

వానచినుకు

మేం వచ్చి చూడొచ్చా అండీ? ఈసారి వెనక గోడ దగ్గర్నుంచి మొదలుపెడతాను.

కొండపల్లిబొమ్మ

తప్పకుండా రండి, శనివారం. భోజనం ఇక్కడే. పిల్లలకి బూట్లు వేసుకు రండి, వెనక అంతా కంకరే.